ఆట వెనుక ఆసుపత్రి: క్యాన్సర్ పిల్లల శిబిరాల్లో వాలంటీరు పని

క్యాన్సర్‌తో జీవిస్తున్న పిల్లల కోసం నడిచే శిబిరంలో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒక కాలు తీసేసిన పిల్లవాడు నడుముకు తాడు కట్టుకుని ఎత్తైన గోడ ఎక్కుతుంటాడు. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద గడిపిన అమ్మాయి పడవకు తెడ్డు వేస్తుంటుంది. వారి వెంట ఉండే వాలంటీరుకు మాత్రం అడుగడుగునా ఆంక్షలే. తలనొప్పి అన్న పాపకు మాత్ర ఇవ్వకూడదు. ఏ పిల్లవాడితోనూ గదిలో ఒంటరిగా ఉండకూడదు. తనకు జలుబు చేస్తే ఆ రోజు పిల్లల దగ్గరికి రాకూడదు. ఫొటోలు తీయకూడదు. శిబిరం ముగిశాక పిల్లలకు ఫోను చేయకూడదు. జబ్బుపడిన పిల్లలకు అంత స్వేచ్ఛ ఏమిటి, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఇన్ని కట్టుబాట్లు ఏమిటి?

సేవ చేయాలన్న ఆరాటంతో వచ్చినవారికి ఇవి అనుమానంతో పెట్టిన నియమాల్లా తోస్తాయి. కొందరు నొచ్చుకుంటారు. కొందరు పైకి తలూపి, లోలోపల సడలించుకుంటారు. ఈ రెండో రకం వారితోనే ప్రమాదం. ఆ స్వేచ్ఛ, ఈ కట్టుబాట్లు ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. పెద్దలు తమ చేతులను అదుపులో పెట్టుకున్న మేరకే పిల్లల చేతులకు పని దొరుకుతుంది. అది ఎలాగో తెలియాలంటే ఈ శిబిరాలు ఎందుకు పుట్టాయో మొదట చూడాలి.

ఈ శిబిరాల చరిత్ర వైద్యం వెనకే నడిచింది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లలు ఒకప్పుడు వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. అమినోప్టెరిన్ అనే మందుతో ఆ జబ్బును కొంతకాలమైనా వెనక్కి నెట్టవచ్చని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో చూపించారు. 1960ల చివర్లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ పింకెల్ బృందం అనేక మందులను, రేడియేషన్‌ను కలిపి దీర్ఘకాలం చికిత్స చేస్తే దాదాపు సగం మంది పిల్లలు నిలిచారు. పిల్లలు బతకడం మొదలయ్యాకే, ఎలా బతుకుతున్నారన్న ప్రశ్న పుట్టింది. 1970లలో అమెరికాలో క్యాన్సర్ పిల్లల వేసవి శిబిరాలు మొదలయ్యాయి. 1983లో ఆస్ట్రేలియాలో క్యాంప్ క్వాలిటీ వచ్చింది. 1988లో నటుడు పాల్ న్యూమన్ కనెక్టికట్ రాష్ట్రంలోని ఆష్‌ఫర్డ్‌లో హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్ తెరిచారు. 1994లో ఐర్లండ్‌లోని ఒక పాత కోటలో బారెట్స్‌టౌన్ మొదలైంది. హంగరీలోని బాటోర్ టాబోర్, ఇటలీలోని డైనమో క్యాంప్ కూడా ఇదే కోవకు చెందినవి. న్యూమన్ శిబిరం, ఈ చివరి మూడూ సీరియస్‌ఫన్ అనే అంతర్జాతీయ సంస్థల సమూహంలో ఉన్నాయి. ఈ సమూహంలోని శిబిరాలు కుటుంబాల నుంచి రుసుము తీసుకోవు.

ఆష్‌ఫర్డ్ శిబిరాన్ని పాత కౌబాయ్ ఊరిలా కట్టారు. అందులో వైద్యశాల పేరు ఓకే కొరాల్. పశువుల కొట్టం పేరు పెట్టుకున్న ఆ భవనంలో డాక్టర్లు, నర్సులు ఉంటారు, మందులు ఉంటాయి. పిల్లలు ఆడుకుంటూ దాని ముందు నుంచే పోతుంటారు. ఆసుపత్రి ఉండాలి, అయితే రోజంతా పిల్లల కళ్లలో పడకూడదు. ఆ కట్టడం వెనుక ఆలోచన ఇదే.

ఇంతకీ జబ్బు ఈ పిల్లల దగ్గర నుంచి ఏం తీసుకుంది? పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దాని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఐదేళ్ల వయసులో మొదలైతే ఏడో ఎనిమిదో వచ్చేదాకా అదే జీవితం. ఏ రోజు సూది, ఏ రోజు వెన్నులోంచి నీరు తీయడం, ఏ పూట పస్తు, ఎవరిని దగ్గరికి రానివ్వాలి, ఎప్పుడు బడికి పోవాలి అన్నవి అన్నీ ఇతరులే తేలుస్తారు. నొప్పి అన్నా ఆగదు. వద్దన్నా జరుగుతుంది. జరగాల్సిందే కూడా, ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది. ఇంటికి వచ్చాక అమ్మానాన్నలు భయంతో పరుగెత్తనివ్వరు, ఎండలోకి పంపరు, అన్నం తామే కలిపి పెడతారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్లలకు జరిగేది దానికి తలకిందులు: అడగకముందే అన్నీ జరిగిపోతుంటాయి. జుట్టు రాలడం అందరికీ తెలుస్తుంది. సొంతంగా తేల్చుకునే అలవాటు రాలిపోవడం ఎవరికీ తెలియదు, పిల్లలకు కూడా.

శిబిరం తిరిగి ఇవ్వాలని చూసేది ఈ అలవాటునే. ఇక వాలంటీరు చేయాల్సింది దాన్ని మళ్లీ లాక్కోకుండా ఉండటం. చెప్పడం తేలికే. అక్కడి రోజువారీ పనిలో ఇది ఎంత కష్టమో కొద్దిసేపట్లోనే తెలుస్తుంది.

ముందుగా వైద్యం వైపు కట్టుబాట్లు. ఎక్కువ అపార్థాలు ఇక్కడే పుడతాయి.

తలనొప్పి అన్న పిల్లకు ఒక పారాసెటమాల్ ఇస్తే ఏం పోయింది? చాలా పోతుంది. కీమోథెరపీ తెల్ల రక్తకణాలను దెబ్బతీస్తుంది. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఒక మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే, మామూలు పిల్లల్లో దానంతట అదే తగ్గిపోయే సూక్ష్మక్రిమి కూడా గంటల్లో రక్తమంతా పాకగలదు. చీము పట్టడానికీ, ఎర్రగా వాయడానికీ ఆ కణాలే కావాలి. అవి లేనప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి ఆనవాలు ఉండదు. చాలాసార్లు కనిపించే ఒకే ఒక్క గుర్తు జ్వరం. 38.3 డిగ్రీల సెల్సియస్ ఒక్కసారి నమోదైనా, 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా చాలామంది వైద్యులు దాన్ని అత్యవసర స్థితిగా చూస్తారు. రక్తపరీక్షకు పంపి, వీలైతే గంటలోపే నరం ద్వారా యాంటీబయోటిక్ మొదలుపెడతారు. తలనొప్పికని వాలంటీరు ఇచ్చిన మాత్ర ఆ జ్వరాన్ని కప్పేస్తే, ఆ గంట చేజారిపోతుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివైతే రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. అందుకే ఏ మాత్ర అయినా వైద్యశాల చేతి మీదుగానే వెళ్లాలి. పాప నీరసంగా ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది, చలి అంటోంది అని వెంటనే చెప్పడమే వాలంటీరు చేయగల గొప్ప వైద్యం. ‘కాసేపు చూద్దాం’ అన్న మాట ఈ శిబిరాల్లో ఎవరి నోటా రాకూడదు.

జలుబు చేసిన వాలంటీరును దూరం పెట్టడానికీ కారణం ఇదే. ఆటలమ్మ, తట్టు ఇంకా తీవ్రమైనవి. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. ఒకరికి పొక్కు కనిపించిందంటే ఆ గదిలో పడుకున్నవారు, ఒకే బల్ల దగ్గర తిన్నవారు అప్పటికే దాని దారిలో ఉన్నారు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు అప్పుడు ఆ వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలున్న ప్రత్యేకమైన ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు ఇస్తారు. పది రోజుల వరకు ఇవ్వవచ్చు గానీ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఎవరు ఎక్కడ పడుకున్నారో రాసి ఉంచే పట్టిక, వాలంటీర్ల టీకాల వివరాలు అడిగే దరఖాస్తు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. అవి కాగితాల కోసం పెట్టిన కాగితాలు కావు.

ఇక ఒక్కో పిల్లకు ఒక్కో సంగతి. విన్‌క్రిస్టిన్ అనే మందు తీసుకునే పిల్లల్లో కాళ్లూ చేతుల నరాలు బలహీనపడవచ్చు. పాదం పైకి లేవక తట్టుకుని పడతారు, చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడతారు. అదే మందు మలబద్ధకం కూడా తెస్తుంది. పిల్లలు సిగ్గుపడి చెప్పరు. రెండు రోజులుగా మరుగుదొడ్డికి వెళ్లలేదన్న సంగతి పక్కనుండే వాలంటీరే కనిపెట్టాలి. సిస్‌ప్లాటిన్ అనే మందు తీసుకున్న పిల్లలకు ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాలు వినిపించకపోవచ్చు. మాట వినిపిస్తుంది, అందులోని స, ష వంటి ధ్వనులు జారిపోతాయి. వంద మంది కలిసి తినే హాలులో వాళ్లకు మాట అర్థం కాదు. పిలిస్తే పలకని ఆ పిల్లవాడు మొండివాడని ముద్ర వేసేముందు అతని ఎదురుగా వెళ్లి, ముఖం కనిపించేలా మాట్లాడి చూడాలి. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల ఒక కన్ను తీసేసిన పాప దగ్గరికి చూపున్న వైపు నుంచి వెళ్లాలి, లేకపోతే ఉలిక్కిపడుతుంది. మెదడులో కణితికి రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో ఆలోచన మందగించవచ్చు. జవాబు తెలియదని కాదు, రావడానికి కాస్త సమయం పడుతుంది. ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టి, ఆ తర్వాతే మళ్లీ నోరు తెరవాలి. తొందరపడి జవాబు అందించేవారు ఆ పిల్లవాడి మాటను తామే మింగేస్తున్నారు.

ఎముక క్యాన్సర్ విషయంలో కళ్లు బాగా మోసపోతాయి. కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టుకున్న అబ్బాయిని చూసి అందరూ జాగ్రత్తపడతారు. పక్కనే రెండు కాళ్లతో మామూలుగా నడిచే అమ్మాయి ఉంటుంది. ఆమె తొడ ఎముక స్థానంలో లోపల లోహపు కీలు ఉండవచ్చు. పరుగులు, గెంతులు ఆ కీలును దెబ్బతీస్తాయి. చాలా సందర్భాల్లో ఆ అబ్బాయి స్వేచ్ఛగా పరుగెత్తవచ్చు, ఆ అమ్మాయి గెంతకూడదు. ఎవరికి ఏది వద్దో చూపుతో తేల్చలేమని ఒప్పుకోవడం దగ్గరే శిక్షణ మొదలవుతుంది.

స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలకు విపరీతమైన ఆకలి, నిద్రలేమి, కారణం లేని కోపం వస్తాయి. అది మందు మాట్లాడటమే. కొన్ని మందులతో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి మధ్యాహ్నపు ఆటలు నీడలోకి మారతాయి. ఛాతీలో చర్మం కింద, మందులు ఎక్కించడానికి అమర్చిన పోర్టు ఉన్న పిల్లలు, దానికి సూది గుచ్చి లేనప్పుడు, వైద్యుల అనుమతితో ఈత కొట్టవచ్చు. గొట్టం శరీరం బయటికి వేలాడుతుంటే నీళ్లలో మునగకూడదు. అలాంటి పిల్లవాడిని గట్టు మీద కూర్చోబెట్టి మిగతావాళ్లు ఈతకు దిగితే, ఆ శిబిరం తన ప్రయోజనాన్నే మరిచిపోయినట్టు. మంచి శిబిరాలు ఆ రోజు ఆ గది వాళ్లందరి ఆటనే మార్చేస్తాయి, ఎవరి కోసం మార్చారో చెప్పకుండా.

గౌరవానికి సంబంధించిన ఇలాంటి పనులే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తాయి. కీమో తీసుకున్న 48 గంటల దాకా మూత్రంలో, వాంతిలో మందు అవశేషాలు ఉండవచ్చు కాబట్టి తడిసిన పక్క తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి. నియమం అంతవరకే చెబుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు పక్క తడిపిన సంగతి మిగతా పిల్లలు లేచేలోగా ఎవరికీ తెలియకుండా సర్దేయడం వాలంటీరు మనసు మీద ఆధారపడి ఉంటుంది. ఫొటోల్లో పడని పని అది. శిబిరంలో సేవ అనదగినది ఏదైనా ఉంటే ఇదే.

ఇప్పుడు ఆ గోడ దగ్గరికి వద్దాం. చాలా శిబిరాలు సాహస విద్య నుంచి తెచ్చుకున్న ఒక సూత్రం ప్రకారం నడుస్తాయి: సవాలు ముందు పెడతాం, ఎంతవరకు వెళ్లాలో పిల్లలే నిర్ణయిస్తారు. బారెట్స్‌టౌన్ దీనికి నాలుగు మెట్లు చెబుతుంది. సవాలు, అందులో విజయం, దాని గురించి ఆలోచన, తన గురించి కొత్తగా తెలుసుకోవడం. కాగితం మీద అందంగా ఉన్న ఈ సూత్రాన్ని వాలంటీర్లు రెండు రకాలుగా పాడుచేస్తారు.

మొదటిది ఉత్సాహం. కింద నిలబడి ఇరవై మంది ‘ఎక్కు, ఎక్కు’ అని అరుస్తుంటే పైనున్న పిల్లకు దిగే స్వేచ్ఛ ఎక్కడిది? అది చప్పట్ల రూపంలో వచ్చిన బలవంతం. ‘నువ్వు చాలా ధైర్యవంతురాలివి’ అన్న మాటను ఆ పాప ప్రతి సూది ముందూ విన్నది. ఆ మాట వెంటే నొప్పి వస్తుందని ఆమెకు తెలుసు. రెండోది తప్పుకోవడం. ‘నీ ఇష్టం’ అని వదిలేస్తే పిల్లలు తమకు అలవాటైన జవాబే చెబుతారు, ‘నేను చేయలేను’ అని. ఈ రెండింటి మధ్య చాలా చోటుంది. హెల్మెట్ పెట్టుకుని చూస్తావా? మొదటి మూడు పట్టులు తాకి దిగుతావా? వేరేవాళ్లు ఎక్కుతుంటే తాడు పట్టుకోవడంలో సాయం చేస్తావా? ఇలా నిజమైన, చిన్న చిన్న ఎంపికలు ముందు పెట్టాలి. మూడు పట్టుల దగ్గర ‘అక్కా, దిగుతా’ అంటే వెంటనే దించాలి. ఇంకొక్కటి అని బతిమాలకూడదు. ‘దిగుతా’ అన్న మాటకు పెద్దవాళ్లు వెంటనే కట్టుబడటం ఆ పాప ఎన్నాళ్లుగానో చూడలేదు. చాలాసార్లు పిల్లలు మరునాడు మళ్లీ వచ్చి ఇంకాస్త ఎక్కుతారు. ఎక్కకపోయినా నష్టమేమీ లేదు. రాత్రి అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు ఎంత ఎత్తు ఎక్కావని అడిగేవారికి ఈ సూత్రం ఇంకా ఒంటబట్టలేదు. ఈ రోజు నువ్వేం నిర్ణయించుకున్నావని అడగాలి.

బూట్ల లేసు సంగతి కూడా ఇంతే. వేళ్లలో పట్టు తగ్గిన పిల్లవాడు లేసుతో కుస్తీ పడుతుంటాడు. బృందమంతా బయట ఎదురుచూస్తుంటుంది. మోకాళ్ల మీద కూర్చుని క్షణంలో కట్టేయాలని మన చేతులు పీకుతాయి. అడిగితే కట్టాలి, అడగకపోతే ఆగాలి. ఆలస్యమైతే కానివ్వాలి. దీనికి శిబిరం సమయపట్టికలోనే వెసులుబాటు ఉండాలి. నిమిషాల లెక్కన ఆటలు నింపేసిన శిబిరంలో ఎంత మంచి వాలంటీరైనా లేసు కట్టేయక తప్పదు.

మరో రకం కట్టుబాట్లు, అంటే ఒంటరిగా ఉండకూడదు, తాకేముందు అడగాలి వంటివి, పిల్లల శిబిరాలన్నిటా ఉంటాయి. ఇక్కడ వాటికి ఇంకో లోతైన కారణం ఉంది. ఈ పిల్లల శరీరాలను ముక్కూమొహం తెలియని పెద్దలు ఏళ్ల తరబడి తాకారు. చొక్కా విప్పమంటే విప్పడం, కదలకుండా పడుకోవడం, నొప్పి పెడుతున్నా సహకరించడం వీళ్లకు నేర్పిన మంచి గుణాలు. కాబట్టి తప్పుడు స్పర్శను గుర్తుపట్టి వద్దనడం వీళ్లకు మరింత కష్టం. పైగా తల్లిదండ్రులు శిబిరం పట్ల కృతజ్ఞతతో ఉంటారు, ప్రశ్నించడానికి వెనకాడతారు. పిల్లలకు హాని చేయాలనుకునేవాడు వెతుక్కునేది ఇలాంటి చోటునే. అందుకే ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, లేదా ఒకరితో ఇద్దరు పిల్లలకు తక్కువ కాకుండా ఉండాలన్న నియమం. రహస్యాలు ఉండవు. ప్రత్యేక బహుమతులు ఉండవు. కౌగిలింత పిల్లలు మొదలుపెడితేనే. చక్రాల కుర్చీని తోయడానికి కూడా అడగాలి, అది ఆ పిల్లవాడి శరీరంలో భాగం వంటిదే. ఈ నియమాలు మంచివాళ్లను అవమానించవు. మంచివాళ్లందరూ పాటించినప్పుడే, పాటించనివాడు వెంటనే కంటపడతాడు. శిబిరం తర్వాత సందేశాలు పంపకూడదన్నది కూడా ఇందులో భాగమే. పిల్లలకు ఇంకో కారణం కూడా ఉంది: ఆసుపత్రి జీవితంలో దగ్గరైనవాళ్లు మాయమవడం వాళ్లు ఇప్పటికే చాలా చూశారు. మళ్లీ కలుస్తానని మాటిచ్చి, పనుల్లో పడి మరిచిపోయే పెద్దలు వాళ్లకు అక్కర్లేదు.

ఫొటోల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. పిల్లవాడినీ అడగాలి, వద్దంటే అంతటితో ఆగాలి. గుండుతో, ఉబ్బిన ముఖంతో ఉన్న ఆ చిత్రం ఇంటర్నెట్‌లో పదిహేనేళ్లు ఉంటుంది. తన జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు రేపటి ఆ యువకుడిది. విరాళాల కోసం కన్నీటి చిత్రాలు వాడే శిబిరం, పిల్లలు ఏ చూపు నుంచి తప్పించుకోవడానికి అక్కడికి వచ్చారో ఆ చూపునే అమ్ముకుంటోంది. ఒక పూట బస్సులో దిగి, బొమ్మలు పంచి, బృందచిత్రం తీయించుకుని వెళ్లే సందర్శనలకూ ఇదే వర్తిస్తుంది. ఆ డబ్బు నర్సు జీతానికి ఇచ్చి ఇంట్లో ఉంటే ఎక్కువ మేలు.

రాత్రి వేళల్లో అసలు పరీక్ష వస్తుంది. దీపాలు ఆర్పాక పిల్లలు మాట్లాడుకుంటారు. ఎవరి మచ్చ ఎక్కడుందో, ఎవరికి ఏ మందు వాంతి తెప్పిస్తుందో, ఆసుపత్రిలో పక్క మంచం మీది పిల్లవాడు ఏమయ్యాడో. ఈ మాటలను ఆపాలని చూడకూడదు. విగ్గు తీసి పక్కన పెట్టగలగడం, వివరించనక్కర్లేకుండా అర్థం చేసుకునేవాళ్లు పక్క మంచం మీదే ఉండటం శిబిరం ఇచ్చే పెద్ద కానుక. వాలంటీరు ఇవ్వలేని కానుక అది, సాటి పిల్లలే ఇవ్వగలరు. ఆ చీకట్లోనే ఒక గొంతు అడుగుతుంది: ‘అన్నా, నేను చచ్చిపోతానా?’

‘ఛ, అలా అనకు, నీకేం కాదు’ అనేది మన నోటికి మొదట వచ్చే మాట. అది అబద్ధం కావచ్చు. నిజమే అయినా తలుపు మూసేస్తుంది. 1970లలో ఒక అమెరికన్ మానవశాస్త్రవేత్త లుకేమియా వార్డులోని మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను దగ్గరగా గమనించారు. ఎవరూ చెప్పకపోయినా వాళ్లకు తమ పరిస్థితి తెలుసనీ, పెద్దవాళ్లు బాధపడతారని తెలియనట్టు నటిస్తారనీ తేలింది. కాబట్టి మన జవాబు ఆ పిల్లవాడిని మళ్లీ నటనలోకి నెట్టకూడదు. ‘ఆ ఆలోచన చాలాసార్లు వస్తుందా?’ అని అడగవచ్చు. ‘నాకు తెలియదురా, కానీ నువ్వు చెబితే వింటాను’ అనవచ్చు. దేవుడి నిర్ణయాలూ, ధైర్యకథలూ, తెలిసిన వేరే పిల్లవాడు ఎలా కోలుకున్నాడో చెప్పడమూ వద్దు. పక్కనే కూర్చుని వినాలి. తెల్లవారాక శిబిరంలోని మనస్తత్వ నిపుణులకు చెప్పాలి, చెబుతున్నానని ఆ పిల్లవాడికి కూడా చెప్పి మరీ. చాలాసార్లు పిల్లవాడు రెండు మాటలు మాట్లాడి ‘రేపు పడవ ఉందా?’ అని అడుగుతాడు. అప్పుడు పడవ గురించే మాట్లాడాలి. మరణం గురించి ఇంకా చెప్పించాలన్న తాపత్రయం మనదే తప్ప అతనిది కాదు.

తోబుట్టువుల సంగతి ఇంకా తక్కువమందికి పడుతుంది. చెల్లికి జబ్బు చేస్తే అమ్మానాన్నలు ఆసుపత్రిలో ఉంటారు, అన్న చుట్టాల ఇంట్లో ఉంటాడు. తాను తిట్టినందుకే చెల్లికి ఇలా అయిందని చిన్న పిల్లలు నిజంగానే నమ్ముతారు. చెల్లి మీద అసూయ పడతారు, అసూయ పడినందుకు సిగ్గుపడతారు. చాలా సంస్థలు వీళ్లకు విడిగా శిబిరాలు నడుపుతాయి. అక్కడ వాలంటీరుకు ఒకే జాగ్రత్త: మొదటి మాటగా ‘మీ చెల్లి ఎలా ఉంది?’ అని అడగకూడదు. ఆ పిల్లవాడిని అందరూ అడిగేది అదే.

ఎవరు వాలంటీరుగా పనికొస్తారు అన్న ప్రశ్నకు జాలి గుండె ఉన్నవారు అని జవాబు చెప్పలేను. జాలి తన కళ్లు తుడుచుకోవడానికే పిల్లలను వాడుకుంటుంది. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా ఇదే జబ్బుకు పోగొట్టుకున్నవారిని కొంతకాలం ఆగమని చెప్పే శిబిరాలు ఉన్నాయి. కఠినంగా అనిపించినా అది సరైనదే, అక్కడ ఓదార్పు పొందాల్సింది వాలంటీరు కాదు. చిన్నప్పుడు క్యాన్సర్‌ను దాటి, పెద్దయ్యాక తిరిగి వచ్చిన వాలంటీర్ల విలువ వేరు. ఒక్క మాట చెప్పకుండానే, పెద్దవాళ్లం కావచ్చునని పిల్లలకు చూపిస్తారు. వాళ్ల మీద ఆ భారం ఎక్కువ పడకుండా చూడటం శిబిరం బాధ్యత. శిబిరం ముగిసిన కొన్ని నెలలకు ఒక పిల్లవాడు లేడన్న వార్త వస్తుంది. రాకుండా ఉండదు. ఆ వార్త వాలంటీర్లకు ఎవరు చెబుతారు, చెప్పాక ఎవరు మాట్లాడతారు అన్నదానికి ముందే ఏర్పాటు ఉన్న సంస్థలోనే పనిచేయడం మంచిది.

ఇంత చెప్పాక శిబిరం ఏం చేయలేదో కూడా చెప్పాలి. అది జబ్బును తగ్గించదు. శిబిరాల మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్నవి, పోల్చి చూడటానికి మరో బృందం లేనివి. ఆత్మవిశ్వాసం, స్నేహాలు మెరుగైనట్టు పిల్లలు, తల్లిదండ్రులు చెబుతారు. ఆ ఫలితం ఎంతకాలం నిలుస్తుందన్నది స్పష్టంగా తేలలేదు. జీవితాలు మారిపోతాయని ప్రచారం చేసే సంస్థలు తమ పనికే అన్యాయం చేస్తున్నాయి. పిల్లలకు ఒక మంచి వారం ఇవ్వడానికి ఇంకే సమర్థనా అక్కర్లేదని నా ఉద్దేశం.

పైగా శిబిరానికి రాగలిగే పిల్లలు అదృష్టవంతులు. ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు క్యాన్సర్ బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ధనిక దేశాల్లో 80 శాతానికి పైగా కోలుకుంటారు. అనేక పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం లోపే. రోగ నిర్ధారణ ఆలస్యమవడం, మందులు దొరకకపోవడం, ఖర్చు భరించలేక మధ్యలోనే చికిత్స ఆపేయడం అందుకు కారణాలు. 2030 నాటికి కనీసం 60 శాతం మంది బతకాలన్న లక్ష్యాన్ని ఆ సంస్థ 2018లో పెట్టుకుంది. వసతి, రవాణా, రక్తదానం లేక చికిత్స ఆగిపోతున్న చోట వాలంటీరు శక్తి ముందు వాటికే వెళ్లాలి. అక్కడ శిబిరం అనవసరమని దీని అర్థం కాదు. ఆసుపత్రి వరండాలోనే ఒక పూట ఆటలు నడపవచ్చు. ఏ ఆట ఆడాలో, ఎప్పుడు ఆపాలో మంచం మీది పిల్లవాడే చెప్పేటట్లయితే, చెరువు, గోడ లేకపోయినా అది శిబిరమే.

వెళ్లాలనుకునేవారు దరఖాస్తు పెట్టేముందు ఆ సంస్థను కొన్ని ప్రశ్నలు అడగండి. రాత్రి రెండు గంటలకు పిల్లకు జ్వరం వస్తే ఏం చేస్తారు? క్యాన్సర్ చికిత్స తెలిసిన నర్సు అక్కడే పడుకుంటుందా? దగ్గరి ఆసుపత్రికి ముందే సమాచారం ఉంటుందా? ఒక్కో గదికి ఎంతమంది పెద్దలు? వాలంటీర్ల పూర్వాపరాలు ఎలా విచారిస్తారు? పిల్లలు ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చెబుతారు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే చోటే మీ సమయం ఇవ్వండి. శిక్షణ లేకుండా రేపే రమ్మంటే, మీ గురించి ఎవరినీ విచారించకుండా చేర్చుకుంటే వెళ్లకండి. పిల్లలతో నేరుగా గడపడం మీ స్వభావానికి సరిపడదనిపిస్తే వంటశాలలో, బట్టలు ఉతికే చోట, బండి నడపడానికి, మందుల పట్టిక రాయడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే. స్టెరాయిడ్ల ఆకలితో అర్ధరాత్రి లేచిన పిల్లవాడికి వేడిగా ఏదైనా వండిపెట్టే మనిషి కూడా ఆ శిబిరానికి కావాలి.